ఫ్లాటులో డిష్: ముందు ఆకాశం, తర్వాత తీగ, చివర కంపెనీ

అపార్ట్‌మెంటులో ఉపగ్రహ టీవీ పెట్టించుకోదలచిన కుటుంబాలు సాధారణంగా ఛానళ్ల ప్యాకుతో మొదలుపెట్టి, కంపెనీని ఎంచుకుని, డబ్బు కట్టేసి, సామానుతో వచ్చిన టెక్నీషియన్ ‘డిష్ ఎక్కడ బిగించమంటారు’ అని అడిగినప్పుడు గానీ అసలు సమస్యను గమనించవు. డాబా మీద పెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. ఒప్పుకున్నా అయిదంతస్తుల కిందికి తీగ దించే దారి కనిపించదు. బాల్కనీలో పెడితే సిగ్నల్ అందదు. అందినా హాల్లోని టీవీ దాకా తీగ తేవాలంటే రెండు గోడలు తొలవాలి. ఈ చిక్కుల్లో చాలాభాగం పనుల క్రమం తలకిందులు కావడం వల్ల వచ్చినవే. సొంత ఇంటివారికి డాబా అంతా తమదే కనుక ఏ కంపెనీ తీసుకున్నా పెద్ద తేడా ఉండదు గానీ, ఫ్లాటులో ఉండేవారికి తమ ఇంటి నుంచి ఎంత ఆకాశం కనిపిస్తుందో, ఆ చోటు నుంచి టీవీ దాకా తీగ ఏ దారిన రాగలదో తేలిన తర్వాతే కంపెనీ ప్రసక్తి రావాలి.

భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తున, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలంలోనే తామూ ఒక చుట్టు పూర్తిచేసే ఉపగ్రహాలు నేల మీది నుంచి చూసేవారికి కదలనట్టే ఉంటాయి. వీటిని భూస్థిర ఉపగ్రహాలు అంటారు. వాటి నుంచి నేరుగా ఇంటికి చేరే ప్రసారాన్ని డీటీహెచ్ అని పిలుస్తున్నాం. మన దేశంలో అది 2003లో డిష్ టీవీతో మొదలైంది, 2004 డిసెంబరులో దూరదర్శన్ తన ఉచిత సేవను ప్రారంభించింది, ఆ సేవే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. ఈ ప్రసారాలు వాడే తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కనుక అవి గోడను, స్లాబును, ఆకులతో నిండిన కొమ్మను దాటి రాలేవు. సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పున్న డిష్ ఆ తరంగాలను ఒకచోటికి కూడగడితే, దాని ముందు కడ్డీ చివర బిగించి ఉండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరం వాటిని అందుకుని, తీగలో ప్రయాణించగల తక్కువ పౌనఃపున్యానికి మార్చి సెటాప్ బాక్సుకు పంపుతుంది. ఎల్‌ఎన్‌బీకీ బాక్సుకూ మధ్య ఉండే తీగ, డిష్‌కూ ఉపగ్రహానికీ మధ్య ఉండవలసిన ఖాళీ ఆకాశం, ఈ రెండే ఫ్లాటులో ఇబ్బంది పెట్టేవి.

ముందుగా ఆకాశం సంగతి. తెలుగు రాష్ట్రాల నుంచి చూస్తే డీటీహెచ్ ఉపగ్రహాలన్నీ దక్షిణానికీ తూర్పుకూ మధ్యనే ఉంటాయి. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డీడీ ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 93.5 డిగ్రీల మీద, డిష్ టీవీ వాడేది 95 డిగ్రీల మీద, ఎయిర్‌టెల్ వాడేవి 108 డిగ్రీల దగ్గర ఉన్నాయి. హైదరాబాద్ నుంచి లెక్క కడితే మొదటిది దాదాపు దక్షిణాన, కాస్త తూర్పుకు వాలి, నేలమట్టం నుంచి 69 డిగ్రీల ఎత్తులో కనిపించాలి, 93.5, 95 డిగ్రీలవి ఇంచుమించు ఆగ్నేయ మూలన 62, 63 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. చివరిది ఆగ్నేయం దాటి తూర్పు వైపుకు జరిగి 50 డిగ్రీల ఎత్తుకు దిగుతుంది. విశాఖపట్నంలో ఉండేవారికి 83 డిగ్రీలది సరిగ్గా దక్షిణానే ఉంటుంది. ఉత్తరం, పడమర దిక్కుల్లో మాత్రమే బాల్కనీ ఉన్న ఫ్లాటుకు బాల్కనీ డిష్ పనికిరాదని ఇక్కడే తేలిపోతుంది కనుక అలాంటివారు డాబా గురించే ఆలోచించాలి.

ఇక్కడ తెలుగు ఇళ్లకు ఒక అనుకూలత ఉంది. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలన్న వాస్తు నియమాన్ని బిల్డర్లు తు.చ. తప్పకుండా పాటిస్తారు కనుక, ఎన్నో ఫ్లాటుల్లో వంటింటిని ఆనుకుని ఉండే వాష్ ఏరియా, అంటే వాషింగ్ మెషీనూ అంట్ల సింకూ ఉండే చిన్న బాల్కనీ, ఉపగ్రహాలున్న దిక్కుకే తెరుచుకుంటుంది. అయితే హాలు, అందులోని టీవీ గోడ ఎక్కువగా ఇంటికి మరో కొసన ఉంటాయి. వాస్తు ఈ విధంగా డిష్‌కు మేలు చేసి తీగకు కీడు చేసింది.

దిక్కు కుదిరినంత మాత్రాన ఆకాశం కుదిరినట్టు కాదు. బాల్కనీ పైన మరో అంతస్తు స్లాబు ఉంటుంది. ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉంటే ఆ స్లాబు అంతగా అడ్డం వస్తుంది. డిష్ మధ్యభాగం నుంచి పై స్లాబుకు ఆరడుగుల ఎత్తు ఉందనుకుంటే, 69 డిగ్రీల ఎత్తులోని ఉపగ్రహాన్ని చూడాలంటే డిష్ ఆ స్లాబు అంచుకు రెండు అడుగులకు మించి లోపల ఉండకూడదు, డిష్ సొంత వెడల్పు కూడా కలుపుకుంటే అది ఇంచుమించు రెయిలింగు దాకా రావాలి. 50 డిగ్రీల ఉపగ్రహానికైతే దాదాపు అయిదడుగుల లోపల ఉన్నా సరిపోతుంది. ఎదురు బిల్డింగు విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇరవై అడుగుల దూరంలో మరో అపార్ట్‌మెంటు ఉంటే, 69 డిగ్రీల ఉపగ్రహానికి అది డిష్ కన్నా అయిదంతస్తులు ఎత్తున్నా అడ్డురాదు, 50 డిగ్రీల ఉపగ్రహానికి రెండంతస్తులు దాటితే చాలు, అడ్డుపడుతుంది. అంటే తలమీద స్లాబు ముందుకు చొచ్చుకొచ్చిన బాల్కనీకి కిందుగా ఉన్న ఉపగ్రహం, సందులో ఎదురెదురు కట్టడాలున్న బాల్కనీకి పైనున్న ఉపగ్రహం అనుకూలం. ఏ కంపెనీ అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ లెక్కలోనే ఉంటుంది. పండగ ఆఫర్లు, ఉచిత నెలలు దీని తర్వాతే చూసుకోవాలి.

కోణాల లెక్కలు కష్టమనిపించే వారికి సూర్యుడే కొలబద్ద. ఏటా మార్చి 13 ప్రాంతంలోనూ అక్టోబరు 1 ప్రాంతంలోనూ కొన్ని రోజులపాటు హైదరాబాద్ నుంచి చూసినప్పుడు సూర్యుడు ఈ ఉపగ్రహాల వెనుకగానే ఆకాశాన్ని దాటుతాడు. ఆ రోజుల్లో 108 డిగ్రీల రేఖాంశం మీది ఉపగ్రహం ఉన్న చోటికి ఉదయం పది గంటల ప్రాంతంలో, 93.5, 95 డిగ్రీల చోటికి పదకొండు దాటుతుండగా, 83 డిగ్రీల చోటికి ఇంచుమించు పన్నెండుకు చేరుకుంటాడు. అక్టోబరులో ఈ వేళలు సుమారు ఇరవై నిమిషాలు ముందుకు జరుగుతాయి. ఆ వేళకు బాల్కనీలో డిష్ పెట్టదలచిన చోట ఎండ పడితే ఉపగ్రహం కనిపిస్తున్నట్టు, నీడ పడితే లేనట్టు. సూర్యుడు ఉపగ్రహం వెనుకకు వచ్చిన ఆ కొద్ది నిమిషాలు ప్రసారం చెడిపోవడం కూడా ఇందువల్లే కనుక, ఆ రోజుల్లో పొద్దున పూట బొమ్మ పోతే ఫిర్యాదు చేయవలసిన పని లేదు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఫోన్‌లోని దిక్సూచిని వాడవచ్చు గానీ ఇనుప గ్రిల్లు పక్కన అది తప్పు చూపుతుంది కనుక నాలుగడుగులు దూరంగా నిలబడి చూసుకోవాలి.

డిష్ ముఖం చూసి అది ఎటు చూస్తోందో అంచనా వేసేవారు తరచుగా పొరబడతారు. ఇళ్లలో వాడేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, అంటే ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉండే రకం. అవి తమ ముఖం తిరిగిన దానికన్నా ఇంచుమించు 20 నుంచి 25 డిగ్రీలు పై భాగాన్ని చూస్తాయి. డిష్ ఎదురింటి కిటికీలోకి చూస్తున్నట్టు కనిపించినా, నిజానికి దాని చూపు ఆ ఇంటి డాబాకు పైన ఎక్కడో ఉంటుంది.

బాల్కనీలో చోటు నిర్ణయించేటప్పుడు ఆకాశంతో సంబంధం లేని అడ్డంకులు కూడా ఉంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కడ చూసినా కనిపించే పావురాల వల నైలానుదైతే సిగ్నల్‌కు ఇబ్బంది ఉండదు. స్టీలు జాలీ అయితే దాని వెనుక డిష్ పెట్టడం వృథా. దోమల కోసం బిగించిన లోహపు మెష్ తలుపులదీ అదే సంగతి. బట్టలు ఆరేసే తీగలు డిష్ ముందుగా పోతుంటే తడి దుప్పటి పరిచిన ప్రతి ఉదయం బొమ్మ ఆగిపోతుంది, ఎండాక తిరిగి వస్తుంది, ఇంట్లోవారు నెలల తరబడి కంపెనీని తిడుతూ ఉంటారు. ఆ తీగలను పక్కకు జరపడం తప్ప దీనికి మరో చికిత్స లేదు.

అద్దె ఇంట్లో ఉండేవారు గోడకు బోల్టులు కొట్టకుండా రెయిలింగు నిలువు కడ్డీకి రెండు చోట్ల యూ-క్లాంపులతో బిగించుకోవచ్చు. అడ్డ కడ్డీకి బిగిస్తే గాలికి డిష్ ఊగి సిగ్నల్ తప్పుతుంది. రెయిలింగుకు బదులు పిట్టగోడ మాత్రమే ఉన్న బాల్కనీలో, డాబా మీద కూడా, ఇనుప స్టాండును నేలపై ఉంచి దాని కాళ్ల మీద సిమెంటు దిమ్మెలు పేర్చే పద్ధతి ఉంది. స్లాబుకు చిల్లు పడదు కనుక వాన నీరు కారుతుందన్న అసోసియేషన్ అభ్యంతరానికి ఇదే తగిన సమాధానం. బయటకు పొడుచుకొచ్చిన డిష్ ఊడితే కింద నడిచేవారి మీద పడుతుంది కనుక క్లాంపులు ఎంత గట్టివైనా మరో సన్నని స్టీలు తాడుతో దాన్ని రెయిలింగుకు కట్టి ఉంచడం తప్పనిసరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాసులకు ఈ జాగ్రత్త వేరే చెప్పనక్కరలేదు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక కోస్తా ఊళ్లలో జింకు పూత వేసిన క్లాంపులు, బోల్టులే వాడాలి.

తీగ విషయానికి వస్తే, ఎల్‌ఎన్‌బీ నుంచి బాక్సుకు వచ్చేది కోయాక్సియల్ కేబుల్, అంటే నడుమ ఒక రాగి లేదా రాగి పూత తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగు ప్లాస్టిక్, దాని మీద అల్లిక లోహపు జాలీ, పైన నల్లటి తొడుగు ఉండే తీగ. ఇందులో ఆర్‌జీ-6 అనే రకాన్నే వాడాలి. పాత ఆర్‌జీ-59 సన్నగా ఉండి మలుపులు తిరగడానికి వీలుగా ఉన్నా అందులో సిగ్నల్ ఎక్కువగా హరించుకుపోతుంది. ఈ తీగ రెండు పనులు చేస్తుందన్నది చాలామందికి తెలియదు. అది సిగ్నల్‌ను కిందికి తెస్తూనే బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి కరెంటును పైకి పంపుతుంది. అందులోని వోల్టేజీ 13 అయితే ఒక రకం, 18 అయితే మరో రకం తరంగాలను అందుకోవాలని ఎల్‌ఎన్‌బీ అర్థం చేసుకుంటుంది. కేబుల్ టీవీ వారు గోడలో వదిలిన స్ప్లిట్టరును, అంటే ఒక తీగను రెండుగా చీల్చే చిన్న డబ్బీని, అలాగే ఉంచి డిష్ తీగను దానికి తగిలిస్తే ఏమీ రాకపోవడానికి కారణం ఇదే: మామూలు స్ప్లిట్టరు కరెంటును పైకి పోనివ్వదు, డిష్ తీగలో నడిచే 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల కోసం అది తయారైనదీ కాదు.

బిల్డరు ఇచ్చిన టీవీ పాయింటు వెనుక గోడలో సాధారణంగా ఒక పీవీసీ పైపు ఉండి, మెట్ల దగ్గరి డక్టులోనో, కారిడార్‌లోని పెట్టెలోనో తేలుతుంది. డిష్ డాబా మీద ఉన్నప్పుడు ఈ దారి బంగారంలాంటిది. డక్టు గుండా తీగను దించి, గోడలోని పాత కేబుల్ కొసకు కొత్త తీగను టేపుతో గట్టిగా చుట్టి, హాలు వైపు నుంచి పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంటే వస్తుంది. పాతది కదలకపోతే బలవంతంగా లాగి తెంపడం కన్నా ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే స్ప్రింగు తీగను వాడడం మేలు. స్విచ్‌బోర్డులకు 230 వోల్టుల కరెంటు తెచ్చే పైపులోంచి మాత్రం డిష్ తీగను ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. ఇన్సులేషన్ ఒక్కచోట రాచుకుపోయినా టీవీ వెనుక లోహభాగాలకు కరెంటు వచ్చే ప్రమాదం ఉంటుంది.

డిష్ బాల్కనీలో ఉన్నప్పుడు ఈ పైపు పనికిరాదు, ఎందుకంటే అది ఇంటికి అవతలి వైపుకు పోతుంది. అప్పుడు ఇంట్లో ఇప్పటికే ఉన్న రంధ్రాలను వెతకాలి. ఏసీ రాగి గొట్టాలు గోడ దాటే చోట సాధారణంగా రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంటుంది, దాన్ని పుట్టీతోనో నురుగుతోనో మూసి ఉంటారు. ఆ పూతను కొద్దిగా తొలగించి తీగను గొట్టాల పక్కగా పంపి తిరిగి మూసేయవచ్చు. వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను చట్రం పక్కన, ఆర్వో నీళ్ల యంత్రం వ్యర్థజలపు పైపు పోయే చోట కూడా ఇలాంటి దారులు దొరుకుతాయి. ఇవేవీ లేనప్పుడు బల్లపరుపుగా ఉండే జానెడు కేబుల్ ముక్క ఒకటి దొరుకుతుంది. జారుడు కిటికీ చట్రం మీదుగా దాన్ని పరిచి రెండు వైపులా మామూలు తీగను తగిలిస్తే కిటికీ మూసుకుంటుంది, గోడకు దెబ్బ తగలదు. అది కొంత సిగ్నల్‌ను మింగుతుంది, కిటికీని పదే పదే తీసి మూస్తుంటే కొన్నాళ్లకు నలుగుతుంది కనుక రోజూ తెరవని కిటికీనే ఎంచుకోవాలి. ఇంటి లోపల తీగను తలుపు చట్రాల పై అంచు వెంట, స్కర్టింగు టైల్సు పైనుంచి, అతికించుకునే ప్లాస్టిక్ కేసింగులో తీసుకుపోతే ఇల్లు ఖాళీ చేసేనాడు ఓనరుకు సంజాయిషీ చెప్పవలసి రాదు. ఏ మలుపు దగ్గరా తీగను లంబకోణంలో విరిచినట్టు వంచకూడదు.

గోడకు కొత్త రంధ్రం చేయక తప్పనప్పుడు అది లోపలి నుంచి బయటకు కొద్దిగా దిగువకు వాలి ఉండాలి. బయట తీగను నేరుగా రంధ్రంలోకి పంపకుండా, దాని కన్నా అరడుగు కిందికి దించి అక్కడి నుంచి పైకి తిప్పి లోపలికి పంపితే వాననీరు ఆ వంపు అడుగున కారిపోతుంది. ఈ వంపు లేని ఇళ్లలో వర్షాకాలం గడిచేసరికి టీవీ వెనుక గోడ ఉబ్బుతుంది.

తీగ కొసకు బిగించే ఎఫ్-కనెక్టరు దగ్గర జరిగే పొరపాటు మిగతా శ్రమనంతా వృథా చేయగలదు. నల్లటి తొడుగును ఒకటిన్నర సెంటీమీటరు మేర ఒలిచి, లోహపు అల్లికను వెనక్కి మడిచి, తెల్లటి ప్లాస్టిక్‌ను కనెక్టరు లోపలి అంచుకు సమంగా కోసి, నడిమి తీగ కనెక్టరు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటకు వచ్చేలా కత్తిరించాలి. అల్లికలోని వెంట్రుక లాంటి ఒక్క పోగు నడిమి తీగకు తగిలినా ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందదు, తెర మీద సిగ్నల్ లేదన్న మాట తప్ప ఏమీ రాదు. కనెక్టరును తిప్పే ముందు బాక్సు ప్లగ్గును పీకి ఉంచాలి. పని ముగిశాక బయటి కనెక్టర్లను నీరు చొరని టేపుతో చుట్టాలి.

రెండో టీవీ కావాలంటే ఎల్‌ఎన్‌బీ రెండు తీగలిచ్చే ట్విన్ రకానిదై ఉండాలి, ప్రతి బాక్సుకూ ఒక్కో తీగ రావాలి. గోడలో ఒక్క తీగకే చోటు ఉన్నప్పుడు, ఒకే తీగ మీద అనేక బాక్సులు నడిపే ప్రత్యేక ఎల్‌ఎన్‌బీలు ఉన్నా అవి అందుకు తగిన బాక్సులతోనే పనిచేస్తాయి కనుక ముందుగా కంపెనీతో నిర్ధారించుకోవాలి. ఒకే టీవీ ఉన్న ఇంట్లో మరో సులువైన ఉపాయం ఉంది: తీగను టీవీ దగ్గరికి తేవడానికి పడే పాట్లకన్నా టీవీని వంటింటి వైపు గోడకు మార్చడం చాలాసార్లు తేలిక, ఆ మార్పుకు సోఫాలు జరిపే శ్రమ తప్ప ఖర్చు లేదు.

డిష్‌ను గురిపెట్టే పని టెక్నీషియన్‌దే అయినా దగ్గరుండి చూసుకోవలసినవి ఉన్నాయి. డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలకు మించదు కనుక చేతి వేలితో తోసినంత కదలికకే సిగ్నల్ మాయమవుతుంది. బాక్సు మెనూలో కనిపించే రెండు గీతల్లో బలాన్ని చూపేది కాక నాణ్యతను చూపేదే ముఖ్యం, అది గరిష్ఠంగా వచ్చిన చోటే బోల్టులు బిగించాలి. హైదరాబాద్‌లో 93.5 డిగ్రీల ఉపగ్రహానికి ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే దాదాపు 40 డిగ్రీలు మెలితిప్పవలసి ఉంటుంది. దీన్ని నిలువుగా వదిలేస్తే సిగ్నల్ నాణ్యత పడిపోతుంది. కుండపోత వానలో కాసేపు బొమ్మ పోవడం మాత్రం సహజం, దానికి ఎవరూ చేయగలిగింది లేదు. ఉరుములు మెరుపులు మొదలైనప్పుడు బాక్సు వెనుక డిష్ తీగను, ప్లగ్గునూ తీసేయడం మంచిది.

ఇంత శ్రమ పడి వేసిన తీగ కంపెనీ మారినా ఉంటుంది. ఒక కంపెనీ బాక్సు సాధారణంగా మరో కంపెనీకి పనికిరాదు గానీ డిష్, క్లాంపు, కేబులు అవే ఉంచుకుని గురి మార్చుకుంటే చాలు కనుక, కొత్త కంపెనీ టెక్నీషియన్ పాత తీగను కోసి పారేయబోతే అడ్డుకోవాలి. ప్రతి ఫ్లాటుకూ ఒక్కో డిష్ చొప్పున డాబా నిండిపోయిన అపార్ట్‌మెంట్లలో, ఒకే డిష్‌కు మల్టీస్విచ్ అనే పంపిణీ పెట్టె తగిలించి అక్కడి నుంచి ఫ్లాటుకొక తీగ దించుకునే ఉమ్మడి ఏర్పాటు ఉంది. దానికి ఫ్లాట్ల యజమానులు ఒకే కంపెనీ మీద అంగీకారానికి రావడం ఒక్కటే కష్టం. కొత్తగా కడుతున్న భవనంలో ఫ్లాటు కొనేవారు, టైల్సు రంగు గురించి బిల్డరుతో ఎంత పట్టుదలగా మాట్లాడతారో అంతే పట్టుదలగా, డాబా నుంచి హాలు దాకా ఒకటి, వాష్ ఏరియా నుంచి హాలు దాకా మరొకటి, అంగుళం వెడల్పున్న ఖాళీ పీవీసీ పైపులు గోడలో వేయించమని అడగాలి. ప్లాస్టరింగు ముగియక ముందైతే అందుకయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.